చివరి బిల్లు దగ్గరే ఎందుకు చెడుతుంది: కస్టమర్‌కీ కాంట్రాక్టర్‌కీ మధ్య డబ్బు లెక్క

ఇల్లు కట్టించుకున్నవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే కాంట్రాక్టర్ మీద ఫిర్యాదు వినకుండా లేవలేం. అడ్వాన్స్ తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడంటారు. సగం పని చేసి వేరే సైటుకు వెళ్లిపోయాడంటారు. చివర్లో ఎప్పుడూ అనుకోని ఎక్స్‌ట్రాలన్నీ కలిపి బిల్లు వేశాడంటారు. అదే కాంట్రాక్టర్ల దగ్గర కూర్చోండి. పని నడిచినన్నాళ్లూ మర్యాదగా మాట్లాడిన మనిషి ఆఖరి బ్యాలెన్స్ అడిగేసరికి గోడల్లో వంకలు వెతకడం మొదలుపెట్టాడని, రోజుకో మార్పు చెప్పి వాటికి పైసా ఇవ్వనన్నాడని చెబుతారు. రెండు వైపులా విన్నాక నాకు కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, ముందే మోసం చేయాలని దిగినవాళ్లు వీళ్లలో తక్కువ. ఏ రోజున ఎవరి డబ్బు ఎవరి దగ్గర ఉందో ఇద్దరూ చూసుకోకపోవడం వల్ల ముదిరిన గొడవలే ఎక్కువ.

దీన్ని కొంచెం విడదీసి చూద్దాం. బజారులో వస్తువు కొంటే డబ్బు, వస్తువు ఒకే క్షణంలో చేతులు మారతాయి. కట్టుబడి పనిలో అది కుదరదు. పని నెలల తరబడి సాగుతుంది, డబ్బు విడతలుగా వస్తుంది. కాబట్టి ఏ రోజు చూసినా ఇద్దరిలో ఒకరు రెండోవారికి అప్పు ఇచ్చి ఉంటారు. మొత్తం ఒప్పందం 100 అనుకుంటే, 30 చేతికిచ్చి 10 విలువైన పని మాత్రమే అయిన రోజున కస్టమర్ 20 అప్పు ఇచ్చినట్టు. 80 విలువైన పని అయిపోయి 60 మాత్రమే అందిన రోజున కాంట్రాక్టర్ 20 అప్పు ఇచ్చినట్టు. నోటు లేదు, వడ్డీ లేదు, హామీ లేదు, గడువు లేదు. తెలిసినవాళ్లకైనా ఇలా అప్పు ఇవ్వడానికి వెనకాడే మనుషులు, పని పేరుతో అయ్యేసరికి అది అప్పే అని గుర్తించరు. ఈ తేడా ఎంత పెద్దదైతే, వెనక్కి తగ్గాలన్న ఆశ రెండోవారికి అంత పెరుగుతుంది. మంచివాళ్లకు కూడా.

అడ్వాన్స్ దగ్గర మొదలయ్యే చిక్కు చూడండి. చిన్న కాంట్రాక్టర్ దగ్గర సాధారణంగా సొంత పెట్టుబడి తక్కువ. వారం తిరిగేసరికి కూలీలకు డబ్బివ్వాలి, సిమెంటు షాపులో పాత బాకీ ఉంటుంది, పాత సైటులో ఆఖరి బిల్లు ఇంకా రాలేదు. అలాంటప్పుడు కొత్త సైటు అడ్వాన్స్ చేతికొస్తే అది పాత సైటు బాకీలకు వెళుతుంది. ఆ పని పూర్తయి డబ్బొస్తే ఇక్కడ పెట్టొచ్చులే అనుకుంటాడు. కొత్త పనులు వరసగా దొరికినంతకాలం ఈ గొలుసు తెగదు. ఒక పని ఆలస్యమైనా, ఒక కస్టమర్ చెల్లింపు ఆపినా, దాని దెబ్బ మొహం కూడా చూడని ఇంకో కస్టమర్ మీద పడుతుంది. అప్పుడే ఫోన్ మోగినా ఎత్తరు. కస్టమర్‌కు అది మోసంలా కనిపిస్తుంది. అవతల మనిషి చెప్పడానికి సమాధానం లేక ఎత్తడం లేదు. అలాగని దీన్ని నేను సమర్థించను. ఒకరి ఇంటి డబ్బును ఇంకొకరి ఇంట్లో పెట్టే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే జబ్బు ఎక్కడుందో తెలిస్తేనే మందు తెలుస్తుంది. అడ్వాన్స్ ఎంత పెద్దదైతే ఈ గొలుసులో చిక్కే డబ్బు అంత ఎక్కువ.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం దీన్ని చట్టంతోనే కట్టేసింది. అక్కడ ఇంటి మరమ్మతు, మార్పుల ఒప్పందాల్లో తొలి అడ్వాన్స్ ఒప్పందం మొత్తంలో 10 శాతం, లేదా 1,000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. తర్వాత ఇచ్చే విడతలు కూడా అప్పటిదాకా అయిన పని, వచ్చిన మెటీరియల్ విలువను దాటకూడదు. ఇలాంటి చట్టం లేని చోట కూడా ఈ సూత్రాన్ని ఇద్దరూ కాగితం మీద రాసుకోవచ్చు. మెటీరియల్‌కే పెద్ద మొత్తం కావాలంటే, డబ్బు కాంట్రాక్టర్ చేతికి ఇవ్వకుండా కస్టమరే నేరుగా షాపుకు కట్టి బిల్లు తన పేరు మీద తీసుకోవడం ఇంకో దారి.

ఇక రెండో చివర, ఆఖరి విడత. కస్టమర్లు చాలామంది దీన్ని తమ ఆయుధం అనుకుంటారు. కొంతవరకు నిజమే. చేతిలో ఏమీ లేకపోతే చిన్నచిన్న మిగులు పనులకు మనిషి మళ్లీ రాడు. కానీ అవతలి లెక్క కూడా చూడాలి. కాంట్రాక్టర్ లాభం 10 శాతం అనుకుందాం. కూలీలకూ మెటీరియల్‌కూ 90 ఖర్చయిపోయింది, వచ్చింది 90. ఆఖరి 10 ఆపితే ఆయన నెలల కష్టం మొత్తం ఆగినట్టే. పెద్ద నిర్మాణ ఒప్పందాల్లో దీనికి ఒక పద్ధతి ఏర్పడింది: ప్రతి బిల్లులోంచి 5 శాతం వరకు రిటెన్షన్ పేరుతో ఆపుతారు, పని అప్పగించిన రోజున అందులో సగం ఇస్తారు, లోపాలు సరిచేసే గడువు ముగిశాక మిగతా సగం ఇస్తారు. ఎంత ఆపుతారో, ఎప్పుడు ఇస్తారో మొదటి రోజే ఇద్దరికీ తెలుసు. ఇంటి పనుల్లో ఆపడం మాత్రం ఉంటుంది, ఎప్పుడు ఇస్తారన్నది ఉండదు. "ఫినిషింగ్ అయ్యాక చూద్దాం" అన్న మాటలో ఫినిషింగ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పరు.

ఈ రెండు చివరల మధ్య అసలు నిప్పు రాజేసేవి ఎక్స్‌ట్రాలు. ఒక సందర్భం ఊహించండి. టైల్స్ పని నడుస్తోంది. కస్టమర్ వచ్చి చూసి, "ఏడడుగుల దగ్గర ఆపితే బాగోలేదండీ, పైదాకా వేసేద్దాం" అంటారు. మేస్త్రీ తలూపుతాడు. "వేసేద్దాం సార్, దానికేముంది." ఇద్దరికీ ఆ క్షణం హాయిగానే ఉంటుంది. కస్టమర్ మనసులో అది ఇదే రేటులో కలిసిపోయే చిన్న మార్పు. మేస్త్రీ మనసులో అది అరవై అడుగుల అదనపు టైల్, రెండు రోజుల కూలి, పైన పరంజా. ధర అడిగితే నమ్మకం లేనట్టుంటుందని కస్టమర్ అడగరు, చెబితే పిసినారిలా కనిపిస్తానని మేస్త్రీ చెప్పడు. ఆ మర్యాదే రెండు నెలల తర్వాత బిల్లులో పడి గొడవవుతుంది. అప్పటికి ఎవరు ఏమన్నారో ఇద్దరికీ నిజంగానే గుర్తుండదు, ఎవరికి అనుకూలంగా వారికి గుర్తుంటుంది.

దీనికి పెద్ద లీగల్ భాష అక్కర్లేదు. ఆ సాయంత్రమే ఫోన్‌లో ఒక మెసేజ్ చాలు: "ఈరోజు మీరు చెప్పిన మార్పు: బాత్రూమ్ గోడ టైల్స్ 7 అడుగుల నుంచి పైకప్పు దాకా. అదనంగా సుమారు 60 చదరపు అడుగులు, పాత రేటే. రెండు రోజులు ఎక్కువ పడుతుంది. సరే అంటే రేపు మొదలుపెడతాం." అవతలివైపు నుంచి "సరే" అన్న ఒక్క జవాబు. ఇందులో నాలుగు సంగతులున్నాయి: ఏం మారింది, ఎంత, ఏ రేటు, ఎన్ని రోజులు. నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఆలస్యం మీద తర్వాత వచ్చే గొడవలో సగం దాన్ని వదిలేసినందుకే వస్తుంది. తాను చెప్పిన మార్పుల వల్ల పట్టిన రోజులను కూడా కస్టమర్ కాంట్రాక్టర్ ఆలస్యంలోనే లెక్కేస్తారు. కాంట్రాక్టర్ కూడా తన బద్ధకం వల్ల పోయిన రోజులన్నీ మార్పుల ఖాతాలో వేస్తాడు.

కొలతల గొడవ మరో రకం. ఇద్దరూ నిజాయితీపరులే అయినా ఇది వస్తుంది. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గోడకు ప్లాస్టరింగ్ చేయించారు. అడుగు రేటు ముందే మాట్లాడుకున్నారు, రేటు మీద తగువు లేదు. గోడలో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున్న గుమ్మం ఉంది. అది 21 చదరపు అడుగులు. 4 అడుగుల చదరపు కిటికీ ఇంకో 16. కస్టమర్ టేపు పట్టుకుని 163 అడుగులే అంటారు. కాంట్రాక్టర్ 200 అంటాడు. ఒకే గోడ మీద 37 అడుగుల తేడా. కస్టమర్ వాదన తేలిగ్గా అర్థమవుతుంది: ఖాళీకి పూత ఎక్కడుంది? కాంట్రాక్టర్ వాదనలోనూ న్యాయం ఉంది: గుమ్మం, కిటికీ చుట్టూ అంచులు తీయడానికే ఎక్కువ సమయం పడుతుంది, పరంజా గోడ మొత్తానికీ కట్టాలి. వృత్తిలో రెండు పద్ధతులూ ఉన్నాయి, ఎంత సైజు ఖాళీని తీసేయాలో ప్రమాణాలు కూడా ఉన్నాయి. ఏ పద్ధతిలో కొలుస్తామో రేటుతో పాటే తేల్చుకోకపోవడం ఇక్కడ జరిగిన తప్పు. స్కర్టింగ్‌ను (గోడ అడుగున వేసే పట్టీని) రన్నింగ్ అడుగుల్లో, అంటే పొడవు మాత్రమే చూసి, కొలుస్తారా, చదరపు అడుగుల్లోనా. టైల్స్‌కు పరిచిన వైశాల్యమా, కొన్న పెట్టెల లెక్కా. ఈ ప్రశ్నలు మొదటి రోజు రెండు నిమిషాల పని. రేటు తక్కువగా చెప్పి కొలతలో రాబట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి, రెండు కొటేషన్లను రేటు మాత్రమే చూసి పోల్చడం దండగ.

పని అయింది, కానీ బాగా లేదు. అప్పుడు డబ్బు ఆపొచ్చా? చాలామంది అడిగే ప్రశ్న ఇదే. కోర్టులు దీని మీద రెండు శతాబ్దాలకు పైగా ఆలోచించాయి, ఆ తీర్పులు చదివితే మన గొడవలే కనిపిస్తాయి. 1795 నాటి ఒక ఇంగ్లిష్ కేసులో ఒక నావికుడు జమైకా నుంచి లివర్‌పూల్ దాకా ఓడలో పనిచేస్తే 30 గినీలు (అప్పటి ఇంగ్లిష్ బంగారు నాణేలు) ఇస్తామన్నారు. దారిలో చనిపోయాడు. చేసిన రోజులకైనా జీతం ఇమ్మని అతని భార్య అడిగితే, ప్రయాణం పూర్తి కాలేదు కాబట్టి ఏమీ రాదని తీర్పు వచ్చింది. మొత్తానికి ఒకే ధర అంటే మొత్తం అయితేనే ధర అన్న కఠినమైన లెక్క అది.

కాలక్రమంలో అది మెత్తబడింది. 1952 నాటి ఒక ఇంగ్లిష్ కేసులో ఒక ఫ్లాట్ అలంకరణకు 750 పౌండ్ల ఒప్పందం. యజమాని 400 ఇచ్చి, ఒక అలమర తలుపు, పుస్తకాల బీరువా సరిగ్గా లేవని మిగతాది ఆపాడు. వాటిని సరిచేయడానికి అయ్యే ఖర్చు 56 పౌండ్ల లోపే. ఆ ఖర్చు మినహాయించి బ్యాలెన్స్ మొత్తం కట్టాలని కోర్టు చెప్పింది. 1972లో మరో కేసు: ఇంటికి సెంట్రల్ హీటింగ్ పెట్టడానికి 560 పౌండ్లు. గదులు చాలినంత వేడెక్కలేదు, పైగా ఇంట్లోకి పొగలు వచ్చాయి. సరిచేయడానికి 174 పౌండ్లు కావాలి. ఈసారి కాంట్రాక్టర్‌కు ఒక్క పౌండు కూడా రాలేదు. మొదటిదాంట్లో లోపం విలువ ధరలో 7 శాతం చిల్లర, రెండోదాంట్లో 31 శాతం. అంకె ఒక్కటే కారణం కూడా కాదు. గదిని వెచ్చబెట్టాల్సిన వ్యవస్థ ఆ పనే సరిగా చేయలేదు.

న్యూయార్క్‌లో 1921 నాటి తీర్పు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 77,000 డాలర్లకు పైగా ఖర్చుతో కట్టిన ఇంట్లో రీడింగ్ కంపెనీ పైపులు వేయాలని ఒప్పందంలో ఉంది. పొరపాటున కొంతవరకు వేరే కంపెనీవి పడ్డాయి, నాణ్యత ఒకటే. అప్పటికే గోడలు మూసేశారు. పగలగొట్టి మార్చేదాకా మిగిలిన 3,483 డాలర్లు ఇవ్వనని యజమాని అన్నాడు. కావాలని చేయని చిన్న తేడాకు ఇల్లు పగలగొట్టించడం న్యాయం కాదని, పైపు మారడం వల్ల ఇంటి విలువలో తగ్గింది ఎంతో అంతవరకే మినహాయించుకోవాలని న్యాయమూర్తి కార్డోజో రాశారు. తగ్గింది దాదాపు ఏమీ లేదు. ఆ తీర్పును అందరూ ఒప్పుకోలేదు, ఆ కోర్టులోనే కొందరు న్యాయమూర్తులు విభేదించారు. నా ఇంట్లో నాకు కావలసింది పెట్టమనడానికి కారణం చెప్పాలా అన్న వాదన నాకూ తేలిగ్గా కొట్టిపారేయదగ్గదిగా అనిపించదు. అయినా వీటన్నిటి నుంచి కస్టమర్‌కు పనికొచ్చే కొలబద్ద ఒకటుంది: లోపం సరిచేయడానికి ఎంతవుతుందో అంత ఆపితే సమర్థించుకోవచ్చు. ఒక తలుపు బిగుసుకుపోతోందని మొత్తం బ్యాలెన్స్ ఆపితే చాలా చోట్ల నిలవదు.

కాంట్రాక్టర్ సగంలో వదిలేస్తే? 1898 నాటి ఇంగ్లిష్ కేసులో 565 పౌండ్ల పనిలో 333 విలువైనంత చేసి, డబ్బు లేక బిల్డర్ ఆపేశాడు. యజమాని అక్కడున్న మెటీరియల్ వాడుకుని పూర్తి చేసుకున్నాడు. ఆ మెటీరియల్ ధర తప్ప, చేసిన శ్రమకు బిల్డర్‌కు కోర్టు ఏమీ ఇప్పించలేదు. ఈరోజుల్లో చాలా చట్టాలు ఇంత కఠినంగా లేవు. అయినా పని వదిలి వెళ్లడం తన బేరాన్ని తానే పాడుచేసుకోవడమని కాంట్రాక్టర్లు గుర్తించాలి. బిల్లు రాకపోతే లిఖితంగా నోటీసిచ్చి, గడువు చెప్పి పని ఆపడం వేరు, చెప్పకుండా మాయమవడం వేరు. బ్రిటన్‌లో 1996 చట్టం మొదటిదాన్ని హక్కుగానే ఇచ్చింది, తగువు వస్తే మామూలుగా 28 రోజుల్లో తేల్చే మధ్యవర్తి పద్ధతినీ పెట్టింది. విచారం ఏమిటంటే, తాము ఉండే ఇంటికి పని చేయించుకునే యజమానుల ఒప్పందాలకు అది వర్తించదు. పెద్ద కంపెనీల మధ్య తగువులకు ఉన్న వేగం ఇంటి గొడవలకు దొరకలేదు.

కోపంలో రెండు పక్షాలూ చేసే పనుల్లో రెండు మరీ ప్రమాదం. ఒకటి, కస్టమర్ కాంట్రాక్టర్ పనిముట్లను తాళం వేసి ఉంచుకోవడం. రెండు, బిగించిన తలుపులనో కుళాయిలనో కాంట్రాక్టర్ ఊడదీసుకుపోవడం. పనిముట్లు ఆయనవి. బిగించిన వస్తువు సాధారణంగా ఇంట్లో భాగమైపోతుంది, డబ్బు రాకపోయినా దాన్ని పీకే హక్కు రాదు. అప్పటిదాకా న్యాయం ఎవరివైపున్నా, ఇది చేశాక కేసు తిరగబడుతుంది.

ఇంకో రకం ఒత్తిడి నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే అది పైకి మర్యాదగా ఉంటుంది. 1965 నాటి ఒక ఇంగ్లిష్ కేసులో ఒక చిన్న బిల్డర్ల సంస్థకు 482 పౌండ్లు రావాలి. నెలలు గడిచాయి. వాళ్లు దివాలా అంచున ఉన్నారని తెలిసి యజమాని భార్య 300 ఇస్తాం, తీసుకుంటే తీసుకోండి, లేకపోతే ఏమీ లేదు అంది. గత్యంతరం లేక తీసుకుని, లెక్క తీరిందని రసీదు రాసిచ్చారు. తర్వాత మిగతాదానికి కోర్టుకు వెళ్లారు. అవతలివారి ఇబ్బందిని వాడుకుని రాయించుకున్న ఒప్పుదలకు న్యాయం అండగా నిలవదని న్యాయమూర్తి డెన్నింగ్ తేల్చారు, బాకీ మొత్తం రాబట్టుకునే హక్కు వాళ్లకు దక్కింది. కానీ ఎంతమంది కోర్టుదాకా వెళ్లగలరు? "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చి కూలీలకు చేతిలోంచి సర్దే మనుషులు ఎక్కడ చూసినా ఉన్నారు. బేరం ఆడటం తప్పు కాదు. చేసిన పని విలువ తెలిసీ, అవతలివాళ్ల అవసరం చూసి తగ్గించడం మాత్రం దొంగతనానికి దగ్గరి చుట్టం.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఏం చేయాలి? గొడవను ముందు మూడు కాగితాలుగా విడదీయండి. ఒకదాని మీద లోపాలు, రెండోదాని మీద ఎక్స్‌ట్రాలు, మూడోదాని మీద ఆలస్యం. "నువ్వు లేట్ చేశావు కాబట్టి ఎక్స్‌ట్రాలు ఇవ్వను" అంటే ఎప్పటికీ తెగదు, ఎందుకంటే రెండూ వేరు లెక్కలు. ప్రతి వరసకూ ఎదురుగా అంకె రాయండి. రాస్తున్నప్పుడే సగం వరసల మీద ఇద్దరూ ఒప్పుకుంటున్నారని తెలుస్తుంది. ఒప్పుకున్న మొత్తాన్ని ఆలస్యం చేయకుండా కట్టేయండి, మిగిలిన తగువుకు దాన్ని పణంగా పెట్టకండి. ఇలా చేస్తే బలం పోతుందని కస్టమర్లు భయపడతారు. నా దృష్టిలో జరిగేది వేరు: కూలీల డబ్బు చేతికొచ్చిన మనిషి మిగతాది శాంతంగా మాట్లాడతాడు, రేపు ఏ అధికారి ముందుకు వెళ్లినా ఇవ్వాల్సింది ఇచ్చినవాళ్ల మాటకు విలువ ఎక్కువ. కొలత మీద తగువైతే ఇద్దరికీ సంబంధం లేని ఇంజనీర్‌ను పిలిచి, ఆ ఫీజు చెరిసగం పెట్టుకుని, ఆయన చెప్పిన అంకెకు కట్టుబడతామని ముందే రాసుకోండి. ఫీజు చూసి వెనకాడతారు గానీ నెలల టెన్షన్ కంటే అది చౌక.

చివరి డబ్బు ఇచ్చే ముందు కస్టమర్ చూడాల్సింది ఇంకొకటి మిగిలింది. కొన్ని దేశాల్లో పనివాళ్లకూ మెటీరియల్ ఇచ్చినవాళ్లకూ డబ్బు అందకపోతే ఆ ఇంటి మీదే హక్కు ఉంటుంది. అమెరికాలో ఈ తరహా తొలి చట్టాన్ని 1791లో మేరీలాండ్ చేసింది, కొత్త రాజధాని వాషింగ్టన్ కట్టడానికి పనివాళ్లు ధైర్యంగా ముందుకు రావాలని. అలాంటి చోట కాంట్రాక్టర్‌కు పూర్తిగా కట్టేసినా, ఆయన షాపుకు బాకీ పడితే ఆ షాపు మీ ఇంటి మీద దావా వేయొచ్చు, అదే డబ్బు రెండుసార్లు కట్టాల్సి రావచ్చు. చట్టం అలా లేని చోట కూడా బాకీవాళ్లు గుమ్మం ముందుకు రాకుండా ఉండరు. అందుకే ప్రతి విడతకూ, ముఖ్యంగా ఆఖరిదానికి, షాపు నుంచీ లేబర్ గ్రూపు మేస్త్రీ నుంచీ తమ లెక్క తీరిందని సంతకం చేసిన రసీదు తెచ్చివ్వమని కాంట్రాక్టర్‌ను అడగండి. ఇది ఆయన్ని అనుమానించడం అవుతుందేమోనన్న మొహమాటం రాకుండా, అడ్వాన్స్ ఇచ్చే రోజునే ఒప్పందంలో ఒక వరసగా రాయించండి. బాకీలు తీర్చే కాంట్రాక్టర్‌కు ఆ కాగితం తేవడం ఒక్క పూట పని.